ఎరుపు కనబడని కన్ను

రాజమహేంద్రవరం,
12-8-2025, మంగళవారం.

పూజ్యులైన అన్నయ్య సుధాకర్ గారి పాదాలకు చెల్లెలు సత్యశ్రీ నమస్కరించి రాస్తున్నది.

మేమిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను అని ఉత్తరం మొదలుపెట్టాలని బడిలో నేర్పారు. అందులో మొదటి సగం ఈసారి రాయలేను. రెండో సగం మాత్రం నిజంగానే అడుగుతున్నాను. ఎక్కడ దాక్కున్నావో, ఎవరింట్లో తింటున్నావో తెలియదు. ఫోను ఆపేసి ఉంది. రమ్యశ్రీ వదిన నిడదవోలులో పుట్టింట్లో ఉందని తెలిసి ఆమె పేరున ఈ ఉత్తరం పంపుతున్నాను. నీకు చేర్చే దారి ఆమెకు తెలిసే ఉంటుంది.

నువ్వు ఫోను ఎత్తినా నేను మాట్లాడలేకపోయేదాన్ని. నీ గొంతు పెద్దదైతే నా నోరు పడిపోతుంది. చిన్నప్పటినుంచీ అంతేగా. కాగితం మీదైతే మధ్యలో నన్ను ఆపే వీలు నీకు లేదు. తప్పులుంటే దిద్దుకుని చదువుకో. ఏడో తరగతితో ఆగిన చదువు నాది.

ముందు మీ బావ సంగతి. దవడ ఎముక రెండుచోట్ల విరిగింది. పళ్ళు కదలకుండా తీగలు కట్టారు. గొట్టంతో జావ, మజ్జిగ తాగుతున్నారు. కుడిచేతి చూపుడువేలు, దాని పక్కవేలు తీసేశారు. మిగిలినవి కదులుతాయో లేదో కట్టు విప్పితేగాని చెప్పలేమన్నారు డాక్టరుగారు. అన్నయ్యా, వెంట్రుకంత తీగను అతికించేటప్పుడు ఆయన పట్టుకునేది ఆ రెండు వేళ్ళతోనే. మొన్న మగతలో ఉండి, లేని వేళ్ళతో దుప్పటి అంచు నలుపుతున్నారు. నేను చూడలేక వరండాలోకి వెళ్ళిపోయాను.

మా పెళ్ళప్పుడు నువ్వు అందరితో గొప్పగా చెప్పావు, మా బావ గణేష్‌బాబు డిప్లొమా చదివాడు, షాపుల్లో టుయ్ మని కూసే స్కానర్లు ఆయన చేతిలో పడితే చచ్చినవి కూడా లేచి కూస్తాయి అని. భద్రిరాజుగారి రొయ్యల ప్లాంటులో సూపర్‌వైజరువయ్యాక ఆ పని కూడా నువ్వే తెచ్చిపెట్టావు. మా నట్టింట్లో కూర్చుని జంతికలు తింటూ అడిగావు, కోల్డ్‌రూము నుంచి బయటికొచ్చిన పెట్టెల మీద మంచు పొర కడుతోంది బావా, కొన్న స్కానర్లేవీ లేబుల్ చదవడం లేదు, ఒక్కో పెట్టెనీ గుడ్డతో తుడిచి చూపించాల్సొస్తోంది, బెల్టు మీద పోతూ ఉండగానే చదివేది చెయ్యగలవా అని. ఆయన జవాబు చెప్పకుండా గోడవైపు చూస్తూ ఉండిపోయారు. ఏంటి, మా బావకి మాట పడిపోయిందా అని నువ్వు నవ్వావు. ఆయనకి ఇష్టమైన పని దొరికినప్పుడు అలాగే అయిపోతారు.

ఆ యంత్రం ఎలా తయారైందో నీకెప్పుడూ తెలియదు. తెలుసుకోవాలి.

లేబుల్ మీది నల్లచారల్ని యంత్రం మనలాగే చదువుతుందని అనుకునేదాన్ని. చదవదట. ఎర్రటి సన్నని వెలుతురును చారల మీదుగా లాగుతుందట. తెల్లచోట పడ్డ వెలుతురు వెనక్కి వస్తుంది. నల్లచోట పడ్డది మునిగిపోతుంది. వచ్చిందా రాలేదా, రాకపోతే ఎంతసేపు రాలేదు, దానికి తెలిసేది అంతే. చీకటి ఎంత లావుందో కొలుచుకునే అది అంకె చెబుతుందన్నారు. పాత ప్రింటరులోంచి పలకలున్న చిన్న అద్దం ఒకటి తీసి మోటారుకు బిగించారు. అది బొంగరంలా తిరుగుతుంటే దాని మీద పడిన వెలుతురు చుక్క గీతయి గోడమీద నిలబడింది. నేను చేత్తో పట్టుకోబోయాను. కళ్ళలో పడనీయకు అని ఆయన నా మొహం పక్కకి తిప్పారు.

మంచుతోనే చిక్కంతా వచ్చింది. మంచు మీద పడ్డ వెలుతురు అద్దం మీద ఎండలా తళుక్కుమని యంత్రం కంట్లోనే కొట్టేది. ఇక నలుపేదో తెలుపేదో దానికి తెలిసేది కాదు. దీపాన్ని కాస్త పక్కకి వంచితే ఆ తళుకు పక్కకి పోతుంది. మరీ వంచితే కాగితం మీది వెలుతురు కూడా రాకుండా పోతుంది. ఆ వంపు కోసమే ఎన్ని మరలు బిగించారో, ఎన్ని విప్పారో. పెట్టె వంకరగా వచ్చినా దొరకాలని రెండో గీతను మొదటిదానికి అడ్డంగా, కత్తెరలా వేశారు. గాజు మీద ఆవిరి పట్టకుండా అంచున వేడి తీగ పెట్టారు. నేను అట్టపెట్టెల్ని తడిపి ఫ్రిజ్ ఐసుగదిలో పెట్టి, మంచు కట్టాక తీసి పీట మీద తోసేదాన్ని. మా ఇంటిగలావిడ రత్నమాణిక్యం పిన్నిగారు కిటికీలోంచి తొంగిచూసి, ఏంటమ్మా, కూరలు పెట్టుకునే చోట అట్టపెట్టెలు పెట్టావు, రేపు వాటితో పులుసు కాస్తావా అనేవారు. యంత్రం కూయడం మొదలెట్టాక, మీ ఇంట్లో ఏ పిట్ట గుడ్లు పెట్టిందమ్మా పొద్దస్తమానం టుయ్ టుయ్ మంటోందని సాధించేవారు. ఆ కూత మొదటిసారి వచ్చిన రోజు మీ బావ నా చేతులు పట్టుకుని గిరగిరా తిప్పారు. పెళ్ళయ్యాక అంత నవ్వు నేనెరగను.

అన్నయ్యా, ఇప్పుడు ఇంకో మాట రాయాలి. నాన్న, అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వే. ఆ రుణం నేను కాదనను. కానీ పెనుగొండలో మన వీధి మలుపు దగ్గర ఒక కుర్రాడు నా జడ లాగిన రోజు నీకు గుర్తుందా? ఇంటికొచ్చి ఏడుస్తూ నీకు చెప్పాను. నువ్వు సైకిలు గొలుసు చేతికి చుట్టుకుని వెళ్ళావు. నేను వెనకే పరిగెత్తుకొచ్చాను. పంపు దగ్గర వాణ్ణి కింద పడేసి కొట్టావు. వాడు అమ్మా అనడం మానేశాక కూడా కొట్టావు. చెవి సగం ఊడి మెడమీదికి వేలాడింది. పంపు చప్టా మీద నీళ్ళన్నీ ఎర్రబడ్డాయి. తరవాత అదే పంపు దగ్గర చేతులు కడుక్కుని ఇంటికొచ్చి, నాకు ఆవకాయన్నం కలిపి ముద్దలు పెట్టావు. నీ గోళ్ళ సందుల్లో ఇంకా ఎర్రగానే ఉంది. అది ఆవకాయో కాదో నేను అడగలేదు. తినేశాను. మర్నాటినుంచి బడికి వద్దన్నావు. తినేసినట్టే ఆ మాట కూడా మింగేశాను. ప్రేమంటే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను.

ఇక ఆ శ్రావణ శుక్రవారం. ఎస్సైగారి ముందు చెప్పమంటూ నీ మనిషి దుర్గాసాయి చేత నువ్వు కబురు పంపిన కథ వేరు. నేను చూసింది ఇది.

లేబుళ్ళు తెల్లమీద నల్లగానే ఉండాలి బావా, మరిచిపోకు అని మీ బావ నీకు ఫోనులో చెప్పినప్పుడు నేను పక్కనే చింతపండు పిక్కలు తీస్తున్నాను. సరే సరే, నాకు చెబుతావేంటి అన్నావు. తరవాత భద్రిరాజుగారి తల్లిగారు, శ్రావణ శుక్రవారం పూట మొదటి లోడు మీద నల్లగీతలేంట్రా, శ్రాద్ధం కార్డులా అన్నారట. నువ్వు అప్పటికప్పుడు కుంకుమరంగు చారలు, మూలల్లో పసుపు పెట్టి కొత్తగా అచ్చు వేయించావు. శుభలేఖల్లాగే ఉన్నాయి. అందులో నిన్ను తప్పు పట్టను. మన ఇళ్ళల్లో ఎవరైనా అదే చేస్తారు. నేనైనా అదే చేసేదాన్ని. కానీ ఆ మాట ఆయన చెవిన వెయ్యలేదు.

ప్లాంటులో పెద్దావిడ హారతి పళ్ళెం నా చేతికిచ్చి యంత్రం ముందు నిలబెట్టారు. బొట్టు గాజుకి పెట్టబోతుంటే, అక్కడొద్దండి, ఇనపచట్రానికి పెట్టండి అని మీ బావ బతిమాలారు. అందరూ నవ్వారు. సరుకు కొనే కంపెనీవాళ్ళు చెన్నై నుంచి వచ్చి నిలబడ్డారు. బెల్టు కదిలింది. మొదటి పెట్టె యంత్రం కిందికి వెళ్ళింది. బయటికొచ్చింది. కూత లేదు. రెండోది, మూడోది. ఒక్కటీ పలకలేదు. భద్రిరాజుగారు నీవైపు తిరిగి, సుధాకరూ, ఇది మెషీనా, మొక్కు చెల్లిస్తేగాని కళ్ళు తెరవని దేవుడా అన్నారు. చెన్నైవాళ్ళు కూడా నవ్వారు. నీ మెడ మీద నరం లేచింది. ఆ నరం నాకు తెలుసు.

మీ బావ ఒక పెట్టె తీసి చూసి, గాభరాగా భద్రిరాజుగారితోనే అనేశారు, దీని వెలుతురే ఎరుపండి, ఎర్రచార మీద పడితే తెల్లకాగితం మీద పడ్డట్టే వెనక్కి వచ్చేస్తుందండి, దీనికి ఎరుపు కనబడదండి, అందుకే నల్లవి వేయించమని బావతో చెప్పానండి అని. అందరి ముందు అనకూడని మాటే. ఆయనకు యంత్రం తప్ప పక్కన మనుషులున్నారని గుర్తుండదు. ఇంటి దగ్గరి నల్లచారల పెట్టె తెచ్చాను, చూపిస్తానండి అంటూ సంచీలోంచి తీసేసరికి పెద్దలంతా భోజనాలకి మెట్లెక్కేశారు. భద్రిరాజుగారు వెళ్తూ వెళ్తూ, చెప్పింది వినవేంటి సుధాకరూ అన్నారు. అంతే.

నువ్వు తలుపు వేయించావు. రొయ్యలు వలిచే ఆడవాళ్ళు గోడకి అంటుకుపోయారు. యజమాని ముందు నా పరువు తీస్తావురా, చెల్లెల్నిచ్చి నెత్తికెక్కించుకున్నందుకు ఇదా అంటూ ఐసు దిమ్మలు లాగే కొక్కెం గోడమీంచి తీశావు. మొదటి దెబ్బ కడ్డీతో దవడ మీద. కొబ్బరిచిప్ప పగిలిన చప్పుడైంది. ఆయన పడకుండా బెల్టు అంచు పట్టుకున్నారు. ఆ చేతిమీద కొట్టావు. మళ్ళీ అదే చేతిమీద కొట్టావు. ఇనుముకీ ఇనుముకీ మధ్య వేళ్ళు నలిగిపోయాయి. ఆయన నోట్లోంచి రక్తంతో పాటు పన్ను ఒకటి బెల్టు మీద పడింది. అయినా ఆయన, బావా ఒక్కసారి చూడు, నల్లదైతే చదువుతుంది బావా అనే అంటున్నారు. మాట ముద్దగా వస్తోంది.

అప్పుడు నువ్వు నవ్వావు. ఎరుపు కనబడదా దీనికి, అయితే నీ నెత్తురు కనబడుతుందేమో చూద్దాం రా అన్నావు. నలిగిన చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని ఆ నల్లచారల పెట్టె మీద అదిమి, ఈ మూలనుంచి ఆ మూలకి రాశావు. లేబుల్ అంతా ఎర్రగా అయిపోయింది. బెల్టు స్విచ్చి నొక్కి ఆ పెట్టెను తోశావు.

యంత్రం టుయ్ మంది.

ఆ గదిలో అందరూ విన్నారు. నెత్తుటి కింద ఉన్న నల్లచారలన్నీ దానికి మామూలుగా కనబడ్డాయి. నెత్తురే కనబడలేదు. ఆయన చెప్పింది అక్షరాలా నిజమని అందరికీ తెలిసిపోయింది. ఒక ముసలావిడ గ్లవ్సు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్కడితో ఆగిపోతావనుకున్నాను. కూత విన్నాకే నువ్వు కొక్కేన్ని మొనవైపు తిప్పావు. ఆయన అరచేతిలో దించావు. తరవాత యంత్రాన్ని కొట్టావు. అద్దం పలకలు పెంకుల్లా ఎగిరాయి. మళ్ళీ ఆయన మీదికి వచ్చావు.

నీ చెయ్యి నా అరుపుకి ఆగిందని దుర్గాసాయి చెప్పుకుంటున్నాడట. నేను అరవలేదు. నా చేతిలో హారతి పళ్ళెం సిమెంటు మీద పడ్డ చప్పుడుకి నువ్వు తల తిప్పావు, అంతే. నన్ను చూశావు. పంపు దగ్గర చూసినట్టే చూశావు. జారిపడ్డాడు, నీళ్ళు కొట్టండి అన్నావు. గొట్టం తెచ్చి నీళ్ళు కొట్టారు. రొయ్య తలల నీళ్ళతో కలిసి ఆయన నెత్తురు తూములోకి పోతూంటే నా కుంకుమ, అక్షింతలు కూడా దాంతోపాటే పోయాయి.

ఆటోలో ఆయన తల నా ఒళ్ళో నిలవలేదు. చేతికి దొరికిన పెట్టెనే తలకింద పెట్టాను. అది నువ్వు నెత్తురు రాసిన ఆ పెట్టే. నిన్న దుర్గాసాయి ఆసుపత్రికొచ్చి, అన్న ఆ అట్టపెట్టె అడుగుతున్నాడమ్మా, ఎక్కడ దాచావు అన్నాడు. పిచ్చి అట్టపెట్టెతో నీకేం పని బాబూ అన్నాను. కేసు పెట్టినవాడి చెయ్యి ఒకటి ఎలాగూ పోయింది, వెనక్కి తీసుకోకపోతే రెండోదీ ఉండదని మీ ఆయనకి చెప్పు అన్నాడు. మంచం మీద ఆయన వింటూనే ఉన్నారు. నోరు కదలదు కదా, ఎడమచెయ్యి ఎత్తి దణ్ణం పెట్టారు. నీ మనిషికి నా మొగుడు దణ్ణం పెట్టారన్నయ్యా. పక్కమంచం వాళ్ళు మొహం తిప్పుకున్నారు.

అందుకే ఈ ఉత్తరం. నేనడిగేది ఒక్కటే. ఆయన జోలికి రాకు. ఆ ఎడమచేతిని వదిలెయ్యి. స్పూను పట్టుకోవడం దానికి ఇప్పటినుంచే నేర్పిస్తున్నాను. మరలు బిగించడం కూడా నేర్చుకుంటుంది. నీ కోపం తీరాలంటే ఎవరో ఒకరి ఒళ్ళు కావాలి కదా, అది ఆయనది కాకూడదు. ఎందుకో కింద రాస్తాను. అది చదివాక నువ్వేం చేస్తావో నీ ఇష్టం.

వదినని ఏడిపించకు. వేళకి తిను. లొంగిపోవాలనిపిస్తే పెద్దమనుషుల్ని వెంట పెట్టుకోకుండా ఒక్కడివే వెళ్ళు. పగటిపూట వెళ్ళు.

నీ చేతి ముద్దలు తిని పెరిగిన
చెల్లెలు
సత్యశ్రీ

తా.క.: కేసు మీ బావ పెట్టారని నీకెవరు చెప్పారో గాని అది అబద్ధం. ఎస్సైగారు ఆసుపత్రికొచ్చి అడిగినప్పుడు ఆయన ఎడమచేత్తో కాగితం మీద వంకరటింకరగా, ఐసు మీద జారి పడ్డాను అని రాసిచ్చారు. రాసి నావైపు చూశారు. నాకు నువ్వు తప్ప పుట్టిల్లు లేదని ఆయన బెంగ. ఎస్సైగారు మెట్లు దిగుతుంటే నేనే వెనకాల పరిగెత్తాను, పంపు దగ్గరికి నీ వెనక పరిగెత్తినట్టే. అయ్యా, మా ఆయన రాసింది నిజం కాదండి, కొట్టింది మా అన్నయ్యండి అన్నాను. ఎక్కడినుంచి వచ్చిందో ఆ గొంతు. అయితే నువ్వే రాసివ్వమ్మా, తప్పులున్నా పర్వాలేదన్నారు. మెట్ల మీదే కూర్చుని రాశాను. కింద నా పేరే ఉంది. ఎవరి చెయ్యి విరగ్గొట్టాలో ఇప్పుడు నీకు తెలిసింది. రావాలనిపిస్తే నా దగ్గరికి రా.

పెట్టె కూడా పోలీసులకే ఇచ్చేశాను. ఇచ్చేముందు ఇంటికి తీసుకెళ్ళి, మొదట్లో చేసిన పాత యంత్రం కింద ఒకసారి తోసి చూశాను. కూయలేదు. మళ్ళీ తోశాను. కూయలేదు. పాడైందేమో అని వేరే నల్లచారల పెట్టె తోస్తే కూసింది. అప్పుడు అర్థమైంది. పచ్చి నెత్తుటిని అది చూడలేదు. ఎండాక నల్లబడి చారలతో కలిసిపోయింది. నల్లదాన్ని అది చూస్తుందన్నయ్యా.